పాత ఎస్టేట్ బంగళాలో బస చేయడం ఎలా? జయపురం, రాయగడ వైపు నుంచి బయలుదేరేవారికి

కాఫీ, టీ తోటల్లో ఒకప్పుడు తెల్లదొరలు ఉన్న బంగళాలు ఇప్పుడు చాలాచోట్ల అతిథి గృహాలయ్యాయి. కొడగులో, మున్నార్‌లో, డార్జిలింగ్‌లో, శ్రీలంకలోని హట్టన్ చుట్టుపక్కల ఇలాంటివి ఉన్నాయి. ఒడిశాలోని మన కొరాపుట్, జయపురం, రాయగడ, పర్లాకిమిడి, బరంపురం తెలుగు కుటుంబాల్లో కూడా సెలవులకు అటు వెళ్లాలనుకునేవాళ్లున్నారు. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. బంగళాకు డబ్బు కట్టండి, కానీ తోటను చూసి రండి. వరండాలో ఫొటోలు దిగి, మూడు పూటలా తిని తిరిగి వచ్చేస్తే ఎస్టేట్ చూసినట్టు కాదు.

1. ముందు మన కొరాపుట్ కాఫీ చూడండి

ఎక్కడికో వెళ్లేముందు ఇంటి పక్కనున్న తోటను ఒకసారి చూసి వెళితే అక్కడ ఏం అడగాలో తెలుస్తుంది. కొరాపుట్‌లో కాఫీ మొదలుపెట్టింది జయపురం మహారాజు, 1930ల కాలంలో. తర్వాత 1958లో రాష్ట్ర ప్రభుత్వ భూసార పరిరక్షణ శాఖ ఈ పనిని చేపట్టింది. కొండల మీది మట్టి కొట్టుకొచ్చి మాచ్‌ఖండ్ జలాశయంలో పూడిక పేరుకోకుండా ఆపడం దాని ఉద్దేశం. మాచ్‌ఖండ్ ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి విద్యుత్ ప్రాజెక్టు కదా, అందుకే ఈ కాఫీ కథలో మనకూ కొంత వాటా ఉందనిపిస్తుంది నాకు.

సెమిలిగుడ, నందపూర్, లమ్తాపుట్, పొట్టంగి వైపు తోటల్లో పొడవాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు కనిపిస్తాయి. వీటిలో చాలా భాగం గిరిజన రైతుల సాగులో ఉంది. లోపలికి వెళ్లేముందు రైతునో, తోట కాపలా మనిషినో అడగండి. ఒడియా గానీ, అక్కడి స్థానిక యాస దెసియా గానీ నాలుగు మాటలు వస్తే పని సులువవుతుంది. తిరిగి వచ్చేటప్పుడు గిరిజనాభివృద్ధి సహకార సంస్థ అమ్మే కొరాపుట్ కాఫీ ఒక ప్యాకెట్ కొనండి. తర్వాత కొడగు కాఫీ తాగినప్పుడు రెంటికీ తేడా మీకే తెలుస్తుంది.

2. పంటను బట్టి నెల ఎంచుకోండి

పిల్లల సెలవుల కంటే ముందు పంట క్యాలెండర్ చూడండి. కాఫీ కోత చూడాలంటే నవంబర్ నుంచి జనవరి మంచిది. కాఫీలో అరబికా రకం ముందు, రోబస్టా రకం కొంచెం ఆలస్యంగా కోతకొస్తాయి. పూత చూడాలంటే మార్చి, ఏప్రిల్. వేసవిలో ఒక మంచి వాన పడ్డాక వారం, పది రోజులకు తోటంతా ఒక్కసారిగా తెల్లగా పూస్తుంది. మల్లెపూల లాంటి వాసన. అయితే ఆ పూత మూడు, నాలుగు రోజులే నిలుస్తుంది కాబట్టి తేదీ ఖాయంగా చెప్పలేం. వాన పడిందో లేదో ఎస్టేట్‌కి ఫోన్ చేసి కనుక్కుని బయలుదేరడమే దారి.

టీ లెక్క వేరు. మున్నార్‌లో ఏడాది పొడుగునా ఆకు కోస్తూనే ఉంటారు. డార్జిలింగ్‌లో చలికాలంలో మొక్కలు నిద్రపోతాయి, ఫ్యాక్టరీలో పని ఉండదు. మార్చి, ఏప్రిల్‌లో వచ్చే తొలి చిగురు అక్కడ అన్నిటికన్నా ఖరీదైనది. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు కొడగు, మున్నార్ రెండింటిలోనూ వాన గట్టిగా ఉంటుంది. జలగలు పట్టుకుంటాయి. పొడవాటి మేజోళ్లు, కాస్త ఉప్పు దగ్గర ఉంచుకోండి.

3. డబ్బు కట్టేముందు ఈ ప్రశ్నలు అడగండి

ఈ మధ్య కట్టిన రిసార్టులు కూడా పేరులో 'ఎస్టేట్' అని తగిలించుకుంటున్నాయి. అందుకే ఫోన్‌లో సూటిగా అడగాలి. ఈ ఇల్లు ఎప్పుడు కట్టారు? ఎవరుండేవారు? తోటలో ఇప్పటికీ పంట తీస్తున్నారా? తోట చూపించడానికి తోటలో పనిచేసే మనిషే వస్తారా, లేక రిసెప్షన్ కుర్రాడా? పాత బంగళాల్లో సాధారణంగా గదులు తక్కువే ఉంటాయి. నలభై గదులున్నాయంటే అది వేరే రకం అని అర్థం చేసుకోండి.

ఇంకో మంచి ప్రశ్న, ఈ తోటలో మొదట ఏ పంట ఉండేది? శ్రీలంకలో టీకి ముందు కాఫీయే రాజ్యమేలింది. 1869లో ఆకు తుప్పు తెగులు వచ్చాక కాఫీ తోటలు దెబ్బతిన్నాయి. వాటి స్థానంలో టీ నాటుకుంటూ వచ్చారు. అంతకుముందే, 1867లో, స్కాట్లాండ్ నుంచి వచ్చిన జేమ్స్ టేలర్ అక్కడి లూలెకొండెరా తోటలో టీ వేసి ఉన్నాడు. కొడగులో తెల్లవాళ్ల కాఫీ ఎస్టేట్‌లు 1854 నుంచి మొదలయ్యాయి. ఈ సంగతులు తెలిసిన బంగళావాళ్లు దొరికితే ఆ సాయంత్రం కబుర్లే వేరు.

పన్ను కలిపి మొత్తం ఎంతో, భోజనం అందులో ఉందో లేదో మెసేజ్‌లో రాయించుకోండి. శాకాహారులైతే ముందే చెప్పాలి, కొడగు ఇళ్లలో పంది మాంసం కూర ప్రత్యేక వంటకం. పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే మెట్లు, రాత్రి చలి, దగ్గరలో డాక్టరు, ఈ మూడింటి గురించీ కనుక్కుంటే టెన్షన్ ఉండదు.

4. ప్రయాణం

మున్నార్‌కు మనవాళ్లకు దారి సులువే. ధన్‌బాద్–అలెప్పీ ఎక్స్‌ప్రెస్, అదే మనం బొకారో అని పిలిచేది, రాయగడలో ఎక్కితే ఆలువాలో దిగొచ్చు. అక్కడి నుంచి ఘాట్ రోడ్డు. కొడగుకు రైలు లేదు. బరంపురం లేదా విజయనగరంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరు, ఆ తర్వాత మైసూరు, అక్కడి నుంచి మడికేరికి బస్సు. డార్జిలింగ్‌కు హౌరా మీదుగా న్యూ జల్పాయిగురి వెళ్లాలి. మొదటి రోజు మొత్తం ప్రయాణపు అలసటలోనే పోతుంది కాబట్టి కనీసం రెండు రాత్రులు ఉండేలా బుక్ చేసుకోండి.

5. తెల్లవారే తోటలోకి దిగండి

కూలీలు పొద్దున్నే పనిలోకి దిగుతారు. మీరు తొమ్మిదింటికి టిఫిన్ చేసి బయలుదేరితే సగం చూడకుండా పోయినట్టే. ముందురోజు రాత్రే కూలీల పని చూసే మేస్త్రీతో మాట్లాడి పెట్టుకోండి. ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు. కొడగు తోటల్లోకి ఏనుగులు వస్తాయి, వద్దని చెప్పిన వైపు అడుగు పెట్టకూడదు.

కాఫీ కోతలో గమనించాల్సింది ఏరుడు. ఎర్రగా పండిన పండ్లనే తీసి, పచ్చివి వదిలేస్తారు. అందుకే ఒకే చెట్టు దగ్గరికి చాలాసార్లు తిరిగి వస్తారు. తర్వాత పల్పర్ యంత్రం తొక్క తీస్తుంది. గింజ మీది జిగురు వదలడానికి తొట్టెల్లో నానబెట్టి, కడిగి, కళ్లంలో ఆరబోస్తారు. కళ్లం మీద చెప్పులతో నడవకండి. కాఫీ గింజ, టీ ఆకు రెండూ వాసనలు పీల్చుకుంటాయి, అందుకని సెంటు పూసుకుని ఫ్యాక్టరీలోకి వెళ్లకపోవడం మర్యాద.

టీ ఫ్యాక్టరీలో మొదట వాడబెట్టే గదిలో కాసేపు నిలబడండి. పచ్చి ఆకు తేమ కోల్పోతూ వదిలే వాసన మళ్లీ ఎక్కడా దొరకదు. తర్వాత నలపడం, పులియబెట్టడం, ఆరబెట్టడం. సుమారు నాలుగైదు కిలోల పచ్చి ఆకు కోస్తే కిలో టీ పొడి తయారవుతుంది. ఆ లెక్క తెలిశాక, ఆకు మూట మోసుకొచ్చే ఆమె కష్టం మీకు వేరుగా కనిపిస్తుంది.

ఆకులు, పండ్లు తాకేముందు మందు కొట్టారేమో అడగండి. తుప్పు తెగులుకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం చల్లుతారు. పిల్లలు పండు నోట్లో పెట్టుకోకుండా చూడాలి.

6. లైన్ల దగ్గర మనిషిలా మెలగండి

కూలీల ఇళ్ల వరసలను లైన్లు అంటారు. బంగళా సాధారణంగా గుట్ట మీద, లైన్లు కింద ఉంటాయి. ఎవరు ఎక్కడ ఉండాలో ఆ కట్టడమే చెబుతుంది. 1951 నాటి ప్లాంటేషన్ లేబర్ చట్టం కూలీలకు ఇల్లు, వైద్యం, పసిపిల్లలను చూసుకునే చోటు కల్పించాలని చెప్పింది. వాటి పరిస్థితి ఎలా ఉందో మేనేజరును మర్యాదగా అడగండి. జవాబు చెప్పే తీరులోనే ఆ ఎస్టేట్ ఎలాంటిదో తెలిసిపోతుంది.

ఈ విషయంలో మనకు మిగతావాళ్ల కంటే ఎక్కువ బాధ్యత ఉందని నమ్ముతాను. గంజాం, విశాఖ మన్యం నుంచి ఎంతోమంది అస్సాం టీ తోటలకు కూలీలుగా వెళ్లారు, గోపాలపురం రేవు నుంచి రంగూన్ ఓడలెక్కారు. అస్సాంలో తెలుగు, ఒడియా మూలాలున్న తోట కుటుంబాలు నేటికీ ఉన్నాయి. బరంపురం వైపు ఇళ్లలో పెద్దవాళ్లను అడిగితే అలా వెళ్లినవాళ్ల పేర్లు బయటికి రావచ్చు.

అందుకే ఇళ్ల మధ్య కెమెరా పట్టుకుని తిరగకండి. ఫొటో కావాలంటే అడిగి, వాళ్లు ఊ అంటేనే తీయండి. పనిచేస్తున్నామెను బుట్ట దించి నవ్వమనడం, ఆ బుట్ట మీరు తగిలించుకుని పోజు ఇవ్వడం మానేయండి. చాలాచోట్ల కూలి ఎంత తూకం తెచ్చారన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది, మీ ఫొటో కోసం ఆగిన ప్రతి నిమిషం వాళ్లకు నష్టం. పిల్లలకు చాక్లెట్లు, డబ్బు పంచకండి. బంగళాలో వంట, వడ్డన చేసినవారికి ఇవ్వాలనుకుంటే అందరికీ కలిపి ఉండే డబ్బాలో వేయండి, వెనక పనిచేసేవారికీ అందుతుంది.

7. కొనేటప్పుడు

అదే తోటలో పండిన సరుకేనా అని అడిగి కొనండి. కాఫీని పొడిగా కంటే గింజగా తీసుకుంటే వాసన ఎక్కువ రోజులు నిలుస్తుంది. వేయించిన తేదీ ప్యాకెట్ మీద ఉందో లేదో చూసుకోండి. ఇంటికొచ్చాక గాలి చొరబడని డబ్బాలో పోసి, పొయ్యికి, మసాలాలకు దూరంగా పెట్టండి. ఫ్రిజ్‌లో వద్దు.