ఫ్లష్ ట్యాంక్ విప్పే ముందు అడుగున మిగిలే నీళ్ల సంగతి చూడండి

ఫ్లష్ ట్యాంక్‌లో వాల్వు మార్చడం పెద్ద పనేం కాదు. మా ఇంట్లో మూడుసార్లు నేనే మార్చాను. మొదటిసారి మాత్రం ఫ్లష్ నొక్కి, నీళ్లు పోయాయి కదా అని కింద నట్టు వదులు చేశాను. అడుగున మిగిలిన నీళ్లన్నీ మోచేతి మీదుగా కారి, బాత్రూమ్ గడప దాటి గదిలోకి వెళ్లాయి. ఆ తడిలో నాన్న కాలు జారి గోడ పట్టుకుని నిలబడ్డారు. దెబ్బ తగల్లేదు గానీ నాకు గుండె ఆగినంత పనైంది. అప్పటి నుంచి ట్యాంక్ పూర్తిగా ఖాళీ చేయనిదే పానా ముట్టుకోను.

ముందు మూత తీసి, నేల మీద పాత టవల్ పరిచి దాని మీద పడుకోబెట్టండి. పింగాణీ మూతను గోడకు ఆనించి నిలబెడితే జారి పగులుతుంది.

తర్వాత గోడ దగ్గరున్న యాంగిల్ కాక్‌ను, అంటే ట్యాంక్‌కి నీళ్లు వదిలే చిన్న కుళాయిని, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పి కట్టేయండి. చేత్తోనే తిప్పండి. ఉప్పునీళ్ల వల్ల పట్టేసి ఉంటే కొంచెం అటూ ఇటూ కదిపి చూడండి. పానా పెట్టి బలంగా తిప్పితే లోపలి కాడ విరిగి, చిన్న రిపేరు కాస్తా పెద్దదవుతుంది. ఎంతకీ రాకపోతే ఇంటి మెయిన్ వాల్వే కట్టేయడం మంచిది. ట్యాంక్ గోడ లోపల ఉండే రకమైతే ఈ కాక్ సాధారణంగా ఫ్లష్ ప్లేటు వెనకే ఉంటుంది.

ఇప్పుడు ఫ్లష్ బటన్ నొక్కి, నీళ్లు ఆగేదాకా అలాగే పట్టుకోండి. ట్యాంక్‌లో నీళ్ల మీద తేలే బాల్ కిందికి దిగిపోయింది కాబట్టి నీళ్లొచ్చే దారి పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. కాక్ నిజంగా బందయిందో లేదో తేల్చుకోవాల్సింది ఇక్కడే. సన్నగా సుయ్‌మనే చప్పుడు వస్తోందా? కనెక్షన్ పైపును వేళ్లతో పట్టుకుంటే నీళ్లు పారుతున్న అదురు తెలుస్తోందా? నేనైతే నీటి మట్టాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, పది నిమిషాలాగి పోల్చి చూస్తాను. మట్టం పెరిగిందంటే కాక్ లీకవుతున్నట్టే. మార్చేది అడుగున ఉండే రబ్బరు ఒక్కటే అయితే, బాల్‌ను తాడుతో పైకి కట్టి పని కానివ్వచ్చు. నీళ్లొచ్చే వాల్వే విప్పాలంటే మాత్రం మెయిన్ కట్టాల్సిందే.

ఫ్లష్ చేశాక కూడా అడుగున రెండు మూడు వేళ్ల లోతు నీళ్లుంటాయి. నీళ్లు దిగే రంధ్రం అంచు ట్యాంక్ అడుగుభాగం కంటే ఎత్తుగా ఉంటుంది, అందుకే ఆ కాసిని బయటికి పోవు. మందపాటి స్పాంజీతో అద్ది బకెట్లోకి పిండడమే అన్నిటికన్నా తేలిక. మూలల్లోకి మగ్గు పోదు, స్పాంజీ పోతుంది. అడుగున వేళ్లకు గరగరలాడే ఎర్రటి మడ్డి తగిలితే దాన్నీ తీసేయండి. కొత్త వాషర్ కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా మళ్లీ లీకే. ట్యాంక్‌లో బ్లీచింగ్ బిళ్లలు వేసే అలవాటుంటే గ్లవ్స్ వేసుకోండి. లేకపోతే అవి మామూలు కుళాయి నీళ్లే, అసహ్యపడక్కర్లేదు.

చివరగా పొడిగుడ్డతో అడుగు తుడిచి, నట్టు కింద చిన్న టబ్బు పెట్టి, అరచుట్టు వదులు చేసి చూడండి. నాలుగు చుక్కలు పడి ఆగిపోతే అవి పైపులో మిగిలినవి, ధైర్యంగా విప్పేయండి. ధార కడితే మాత్రం నట్టు వెంటనే బిగించి, మళ్లీ కాక్ దగ్గరికి వెళ్లండి.