లిఫ్ట్ చేసిన ట్రక్కుకు పెద్ద టైర్లు, కొత్త రిమ్ములు ఎలా ఎంచుకోవాలి?

అమెరికాలో పికప్ ట్రక్కుకు లిఫ్ట్ కిట్ (బండిని పైకి లేపే సామాను) వేయించుకున్నవాళ్లలో చాలామంది ముందు రిమ్ముల మీద పడతారు. నల్లగా, లోతుగా ఉన్న డిజైన్ ఒకటి నచ్చుతుంది, కొనేస్తారు. దానికి పట్టే టైరేదో తర్వాత వెతుకుతారు. ఈ వరస తిరగెయ్యండి. మొదట టైరు తేల్చుకుంటే రిమ్ము ఎంత వెడల్పు ఉండాలో, ఎంత లోపలికి కూర్చోవాలో దాని వెనకే తేలిపోతుంది. ఉదాహరణకి 275/65ఆర్18 టైర్లతో వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150ని తీసుకుందాం.

ముందుగా డ్రైవర్ డోరు తెరిచి, పక్కన అతికించిన స్టిక్కర్లను ఫొటో తీసుకోండి. కంపెనీ టైరు సైజు, గాలి ఎంత పట్టాలి, ముందు ఇరుసు ఎంత బరువు మోయగలదు, వెనకది ఎంత మోయగలదు, అన్నీ అక్కడే ఉంటాయి. షాపులో మాట్లాడేటప్పుడు ఇవి చేతిలో ఉండాలి.

టైరు ఎత్తు

275/65ఆర్18 అంటే 275 మి.మీ. వెడల్పు, అందులో 65 శాతం పక్కగోడ, 18 అంగుళాల రిమ్ము. లెక్కేస్తే మొత్తం ఎత్తు సుమారు 32.1 అంగుళాలు. 35 అంగుళాల టైరు వేస్తే ఇరుసు పైకి లేచేది ఆ రెండు ఎత్తుల తేడాలో సగమే, అంటే అంగుళంన్నర లోపు. అలాగని తీసిపారేయకండి. లిఫ్ట్ కిట్ బాడీని పైకి లేపుతుందే గానీ, వెనక డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండే గేర్ల డబ్బా) కింద ఖాళీని పెంచేది టైరు మాత్రమే.

సాధారణంగా ముందు భాగాన్ని రెండంగుళాలు లేపే లెవెలింగ్ కిట్‌కి 33 అంగుళాల టైరు హాయిగా సరిపోతుంది. 35 కావాలంటే నాలుగు నుంచి ఆరు అంగుళాల లిఫ్ట్ ఉంటే నిశ్చింత. 37 జోలికి వెళ్తే ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) లోపలి ప్లాస్టిక్ కోయడం, గేర్లు మార్చడం లాంటి పనులు వెంటపడతాయి.

పెద్ద టైరు ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది కదా, 35 వేశాక స్పీడోమీటర్ 60 మైళ్లు చూపిస్తుంటే బండి నిజానికి 65 మీద పోతుంటుంది. టికెట్ పడ్డాక పోలీసుకి ఈ లెక్క చెప్పినా లాభం లేదు, కంప్యూటర్‌లో టైరు సైజు మార్పించుకోవాలి. అదే లెక్కన ఇరుసులోని 3.55 గేరు నిష్పత్తి దాదాపు 3.26లా పని చేస్తుంది. బండి బద్ధకంగా కదులుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ట్రైలర్ లాగే పని ఉంటే ఈ తేడా గట్టిగా తెలుస్తుంది. రోజూ ఆఫీసుకి, వారాంతంలో క్యాంపింగ్‌కి వెళ్లే బండికి నా ఓటు 33కే.

ఏ రకం, ఎంత బరువు

మట్టిరోడ్డు అప్పుడప్పుడే అయితే ఆల్ టెరైన్ (అన్ని రోడ్లకీ పనికొచ్చే) టైరు చాలు. మడ్ టెరైన్ టైర్లు బురదలో బాగుంటాయి గానీ హైవే మీద హోరు పెడతాయి, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది.

ఆ తర్వాత లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె చూడండి. 116 అంటే ఒక్కో టైరు 1250 కిలోలు మోస్తుంది, 121 అంటే 1450. కంపెనీ టైరు మీదున్న అంకె కన్నా కిందికి దిగకూడదు. ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం, లోడ్ రేంజ్ ఇ అని రాసి ఉండే ఎక్కువ బరువు మోసే టైర్లు గట్టివే. కానీ 35 సైజులో ఒక్కోటి పాతదాని కన్నా 20 పౌండ్లకు పైగా బరువు ఉండటం మామూలే. పైగా అదే బరువు మోయడానికి వాటికి గాలి ఎక్కువ కావాలి. డోరు మీది అంకె సరిపోదు, టైరు కంపెనీ ఇచ్చే లోడ్ పట్టిక చూసి పట్టించండి.

ఇప్పుడు రిమ్ము

ఎఫ్-150కి ఆరు బోల్టులు, 135 మి.మీ. వృత్తంలో ఉంటాయి. షెవీ సిల్వరాడో 1500కి, టొయోటా టకోమాకి కూడా ఆరే, కానీ వృత్తం 139.7. ‘ఆరు బోల్టుల రిమ్ము’ అని చూసి కొంటే ఇక్కడే దెబ్బతింటారు. మధ్య రంధ్రం హబ్‌కి సరిపోవాలి, నట్లు రిమ్ముకి తగ్గ కోన్ ఆకారంలో ఉండాలి.

అసలు కథ ఆఫ్‌సెట్‌ది. హబ్‌కి ఆనే ముఖం రిమ్ము నడిమధ్య నుంచి ఎంత పక్కకి ఉందో అది మిల్లీమీటర్లలో చెబుతుంది. ప్లస్ అయితే చక్రం లోపలికి పోతుంది, మైనస్ అయితే బయటికి వస్తుంది. కంపెనీ రిమ్ము ఏడున్నర అంగుళాల వెడల్పు, ప్లస్ 44 అనుకోండి. దాని బదులు 9 అంగుళాల, మైనస్ 12 రిమ్ము వేస్తే బయటి అంచు 75 మి.మీ., అంటే దాదాపు మూడంగుళాలు బయటికొస్తుంది. అదే వెడల్పులో ప్లస్ 18 తీసుకుంటే 45 మి.మీ. దగ్గర ఆగుతుంది, లోపలి వైపు కూడా కంపెనీ రిమ్ము కన్నా 7 మి.మీ. ఎక్కువ ఖాళీ దొరుకుతుంది.

చక్రం బయటికొచ్చేకొద్దీ స్టీరింగ్ తిప్పినప్పుడు పెద్ద వృత్తంలో తిరుగుతుంది. ముందు బంపర్ మూలకి, వెనక ఫెండర్ లోపలి ప్లాస్టిక్‌కి రాసుకునేది అందుకే. బేరింగుల మీద భారం పెరుగుతుంది, చిన్న రాళ్లు ఎగిరి డోర్ల పెయింట్ మీద పడతాయి. మైనస్ 44 లోతు రిమ్ములు పార్కింగ్ లాట్‌లో నిలబెట్టి ఫొటో తీసుకోవడానికే బాగుంటాయి. అలాగని మరీ ప్లస్ తీసుకుంటే వెడల్పు టైరు లోపలి వైపు, చక్రాన్ని పట్టి ఉంచే పై కంట్రోల్ ఆర్మ్‌కి తగులుతుంది. మీ లిఫ్ట్ కిట్ కాగితాల్లో ఎంత ఆఫ్‌సెట్ వరకు పర్వాలేదో రాసి ఉంటే అదే మీకు హద్దు.

చట్టం రాష్ట్రానికో రకం. ఫెండర్ దాటి టైరు బయటికి రాకూడదనే చోట్లున్నాయి, ఎత్తు మీద హద్దులున్నాయి. ముందు లేపి వెనక కిందికి దించే పద్ధతిని నార్త్ కరోలినా 2021లో ఆపేసింది. ఇది చదివి హైదరాబాద్‌లో థార్‌కి ఇదంతా చేయిద్దామనుకునేవాళ్లు ఆగండి. కంపెనీ వివరాలకు భిన్నంగా బండి మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది.

బిగించే రోజు

నాలుగూ ఎక్కించకుండా ముందు ఒక్క చక్రం పెట్టించి, బండి నేల మీద ఉండగా స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. వెనక్కి నడుపుతూ కూడా తిప్పండి, కొన్ని బండ్లలో టైరు రివర్స్‌లోనే రాసుకుంటుంది. రాసుకుంటే అప్పుడే వెనక్కిచ్చేయొచ్చు, రోడ్డెక్కాక ఎవరూ తీసుకోరు. టైరు గాలి సెన్సర్లు పాత రిమ్ముల నుంచి మార్చమని గుర్తు చేయండి. ఎఫ్-150 నట్లు 150 పౌండ్-ఫీట్‌కి టార్క్ రెంచ్‌తోనే బిగించాలి, 50 నుంచి 100 మైళ్లు నడిపాక మళ్లీ చూడాలి.

ఇక స్టెప్నీ. ఫోర్ వీల్ డ్రైవ్ వాడే బండిలో మూడు చక్రాలు 35, ఒకటి 32 అయితే భారం గేర్ల మీద పడుతుంది, కాబట్టి ఐదో టైరు కూడా అదే సైజు కొనాలి. అది బెడ్ (వెనక సామాను పెట్టే తొట్టి) కింద పడుతుందో లేదో టేపుతో కొలుచుకుని చూడండి. పట్టకపోతే బెడ్‌లో స్టాండ్ పెట్టించాల్సి వస్తుంది, దాని ఖర్చు కూడా మొదటి బిల్లులోనే కలుపుకోండి.