స్వరపేటిక తీసేశాక మింగడం కష్టమైతే: ముందు ఏం చూడాలి

నీళ్లు తాగితే దగ్గు వస్తోందనగానే స్కాన్‌కి పంపేస్తారు. దయచేసి ముందు స్టోమాలోకి (ఊపిరి కోసం మెడ ముందు చేసిన రంధ్రం) టార్చి వేసి, ఫుడ్ కలర్ కలిపిన నీళ్లు రెండు గుక్కలు తాగించి చూడండి. స్వరపేటిక మొత్తం తీసేశాక గాలి దారి, తిండి దారి వేరైపోతాయి. మామూలుగా పొలమారడమనేది ఇక ఉండదు. నీళ్లు శ్వాసనాళంలోకి వచ్చాయంటే ఎక్కడో కన్నం ఉన్నట్టే. వాయిస్ వాల్వ్ (మాట్లాడటానికి శ్వాసనాళానికీ తిండి దారికీ మధ్య రంధ్రం చేసి పెట్టే చిన్న కవాటం) ఉన్నవాళ్లలో ముందు అనుమానించాల్సింది దాన్నే.

రంగు వాల్వ్ మధ్యలోంచి కారితే బ్రష్‌తో శుభ్రం చేసి మళ్లీ తాగించండి. ఆగకపోతే వాల్వ్ మార్చాలి. చుట్టూ కారుతుంటే మార్చినంత మాత్రాన సరిపోదు, పొడవు కొలవాలి. పొడవెక్కువైతే అది ముందుకీ వెనక్కీ ఆడుతూ రంధ్రాన్ని ఇంకా పెద్దది చేస్తుంది.

నీళ్లు దిగి ముద్ద ఆగుతుంటే దారి ఇరుకైందేమో చూడాలి. బేరియం వీడియోలో (బేరియం కలిపినది మింగుతుండగా తీసే ఎక్స్-రే వీడియో) గట్టి పదార్థం కూడా మింగించండి, పలచటిది ఇరుకులోంచీ జారిపోతుంది. ఇరుకైతే వెడల్పు చేయిస్తారు. కానీ నెలల తరబడి బాగా తిన్న మనిషికి కొత్తగా కష్టం మొదలైతే, క్యాన్సర్ తిరగబెట్టలేదని తేల్చుకున్నాకే ఆ పని.

తిన్నది కాసేపటికి నోట్లోకి తిరిగొస్తోందా? నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒకాయనకి ఎండోస్కోపీలో ఇరుకేమీ లేదన్నారు. నాలుక బలహీనమనుకుని రెండు నెలలు వ్యాయామాలు చేయించాను. ఆయన 'బాగానే తింటున్నాను' అనేవారు. ఏమేం తినడం మానేశారని నేను అడగలేదు. అడిగితే తెలిసేది, అప్పటికే గట్టివన్నీ మానేశారు. చివరికి పక్కనుంచి తీసిన బేరియం వీడియోలో దొరికింది: నాలుక మొదట్లో, కుట్లు వేసిన చోట పొర మడతపడి, దాని ముందు చిన్న సంచి ఏర్పడింది. మింగినప్పుడల్లా అది నిండుతుంది, తర్వాత పైకి ఖాళీ అవుతుంది. ఎదురుగా తీసిన వీడియోలో ఇది సులువుగా తప్పిపోతుంది. ఎండోస్కోపీలో ఆ మడత అచ్చం ఎపిగ్లాటిస్‌లా (మింగేటప్పుడు గాలి దారిని కప్పే మూత) ఉంటుంది, అందుకే చూసినవాళ్లు మామూలే అనుకుంటారు. కానీ ఈ ఆపరేషన్‌లో ఎపిగ్లాటిస్ కూడా స్వరపేటికతో పాటే పోతుంది. లేనిది కనిపిస్తోందంటే ఆగి ఆలోచించాలి.

సంచి చిన్నదై, ముద్ద తర్వాత నీళ్లు తాగితే కడుక్కుపోతుంటే అలాగే నెట్టుకురావచ్చు. లేదంటే సర్జన్ ఎండోస్కోపీతోనే ఆ మడతను కోసేస్తారు. ఆయనకి అదే చేశారు, మళ్లీ గట్టివి తినగలిగారు.

కండరం బిగుసుకోవడం లాంటివి అరుదు, వీడియోలో కనిపిస్తేనే వాటి జోలికి వెళ్లండి. ఆపరేషన్ అయిన కొత్తలో మింగినది మెడ చర్మం మీదికి కారితే మాత్రం నోటితో ఏమీ ఇవ్వకుండా వెంటనే సర్జన్‌కి చెప్పండి.