ఆఫీసులో అందరి పండుగలనూ గౌరవించడం ఎలా?

హైదరాబాదులో బోనం ఎత్తేవారు, రోజా ఉండేవారు, ఈస్టరుకు ముందు లెంట్ ఉపవాసాలు చేసే క్రైస్తవులు ఒకే ఆఫీసులో పక్కపక్కన కూర్చుని పని చేస్తుంటారు. అందుకే సెలవుల పట్టికను డిసెంబరులోనే, పంచాంగాన్నీ ఇస్లామీ క్యాలెండరునూ ముందుంచుకుని తయారు చేయాలి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 కదలవు. రంజాన్ మాత్రం ఏటా దాదాపు 11 రోజులు ముందుగా వస్తుంది, పైగా నెలవంక కనబడితే గాని పండుగ ఖరారు కాదు. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ పండుగ ఆ మర్నాడే వచ్చాయి. ఆ 31వ తేదీయే ఆర్థిక సంవత్సరానికి ఆఖరి రోజు. ఖాతాలు ముగించే పనిని ముందే పంచుకోకపోతే, అటువంటి రోజున నమాజుకు వెళ్లవలసిన ఉద్యోగి సెలవు కోసం బతిమాలుకోవలసి వస్తుంది.

శుభాకాంక్షలు పంపే ముందు ఆ రోజు సంబరమా, సంతాపమా అన్నది తెలుసుకోవడం అన్నిటికంటే ముఖ్యమని నా నమ్మకం. మన పల్లెల్లో పీర్ల పండుగ వస్తే హిందువులూ పీర్లకు మొక్కుకుంటారు. అదే మొహర్రం పదో రోజున పాతబస్తీలో షియా ముస్లింలు ఇమామ్ హుసేన్ మరణాన్ని తలచుకుని, బీబీ కా అలావా నుంచి గుండెలు బాదుకుంటూ ఊరేగింపుగా సాగుతారు. ఊళ్లో అలవాటు కొద్దీ నేనొకసారి ఆఫీసు గ్రూపులో మొహర్రం శుభాకాంక్షలు పెట్టాను. ఒక సహోద్యోగిని నా బల్ల దగ్గరికి వచ్చి, "ఇది మాకు ఏడ్చే రోజండీ" అని మెల్లగా చెప్పి వెళ్లారు. ఆ మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. గుడ్ ఫ్రైడే కూడా అటువంటిదే. శుభాకాంక్షలు ఈస్టరు ఆదివారం నాడు చెప్పాలి.

అయ్యప్ప మాల వేసుకున్నవారు 41 రోజులు నల్లబట్టల్లో, చెప్పులు లేకుండా వస్తారు కనుక యూనిఫాం, బూట్ల నియమాన్ని అంతవరకు సడలించాలి. యంత్రాల దగ్గర బూట్లు తప్పవనుకుంటే, ఆ మండలం రోజులు వారికి వేరే పని అప్పగించాలి. రంజాన్ నెలలో సాయంత్రపు సమావేశాలను సూర్యాస్తమయానికి అరగంట ముందే ముగించాలి. సొరుగులో ఖర్జూరాల డబ్బా పెట్టుకుని గడియారం వంక చూస్తున్న మనిషిని కదలనీయకుండా లెక్కలు చదవడం అన్యాయం.

వినాయక చవితి చందా కాగితాన్ని బల్ల బల్లకూ తిప్పకూడదు. పైన అందరి పేర్లూ, ఇచ్చిన మొత్తాలూ కనిపిస్తుంటే కాదనడం ఎవరికైనా కష్టమే. ఒక డబ్బా పెట్టి ఊరుకోవాలి. కేంద్ర ప్రభుత్వోద్యోగులు ఏటా జాబితాలోంచి రెండు ఐచ్ఛిక సెలవులు ఎంచుకుంటారు. ప్రైవేటు సంస్థలూ ఆ పద్ధతి పెట్టుకోవచ్చు, అయితే సెలవు అడిగినవారిని "ఇది మీ పండుగేనా?" అని మాత్రం ప్రశ్నించరాదు.