మిడ్స్ (కాలేజీ మిడ్ పరీక్షలు) ముందు ఫోన్‌ని దారిలో పెట్టడం ఎలా

ఇన్‌స్టా తీసేయండి అని చెప్పను, తీసేసినవాళ్ళు మూడో రోజే మళ్ళీ వేసుకుంటారు (నేనూ అంతే). ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి, ఇన్‌స్టాకి రోజుకి 30 నిమిషాల టైమర్ పెట్టండి. టైం అయిపోతే ఆ రోజుకి యాప్ ఆగిపోతుంది, లెక్క మళ్ళీ అర్ధరాత్రికి మొదలవుతుంది కాబట్టి 12 దాటేదాకా మేలుకుని కూర్చున్నారో, పొద్దున్న ల్యాబ్ గోవిందా.

అసలు తలనొప్పి వాట్సాప్ క్లాస్ గ్రూపు. టైంటేబుల్, యూనిట్ నోట్స్ అందులోనే వస్తాయి, మీమ్సూ అందులోనే, బయటికి రాలేం. మ్యూట్‌లో 8 గంటలు, వారం కాదు, ఎప్పటికీ అన్నదే ఎంచుకుని ఆర్కైవ్‌లో పడేయండి. రోజూ సాయంత్రం ఒక్కసారి చూసి, పనికొచ్చే పీడీఎఫ్‌లకి స్టార్ కొట్టుకోండి. అర్జెంటైతే ఫోనే చేయమని సీఆర్‌కి (క్లాస్ రిప్రజెంటేటివ్‌కి) ముందే చెప్పి ఉంచండి.