క్యూటిప్‌తో క్వాంటమ్ లెక్కలు ఎలా మొదలుపెట్టాలి?

క్వాంటమ్ ఇన్ఫర్మేషన్ నేర్చుకోవడానికి క్వాంటమ్ కంప్యూటర్ అక్కర్లేదు. మామూలు ల్యాప్‌టాప్ ఉండి, పైథాన్ కాస్త వస్తే చాలు. క్యూటిప్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ లైబ్రరీతో పరిశోధకులు వేసే లెక్కలే మీరూ వేయొచ్చు.

1. ఇన్‌స్టాల్ చేయడం

కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో పిప్‌తో క్యూటిప్, మ్యాట్‌ప్లాట్‌లిబ్, జూపిటర్ వేసుకోండి. నంపై, సైపై వాటితోపాటే వస్తాయి. 2024లో వెర్షన్ 5 వచ్చింది. సర్క్యూట్లు, గేట్ల భాగాన్ని క్యూటిప్-క్యూఐపీ అనే వేరే ప్యాకేజీగా విడదీశారు కాబట్టి పాత పాఠాల్లోని కోడ్ కొన్నిచోట్ల ఆడదు. టెన్షన్ పడకండి, ఆ ప్యాకేజీ కూడా వేసుకుంటే సరి.

2. మొదటి క్యూబిట్

క్యూబిట్ అంటే 0, 1 అనే రెండు స్థితుల్లోనూ, వాటి కలయికల్లోనూ ఉండగల క్వాంటమ్ బిట్. బేసిస్ ఫంక్షన్‌కి 2, 0 (రెండు స్థాయిలు, 0 స్థితి) ఇచ్చి ప్రింట్ చేయండి. అంకెల పైన షేప్ (మ్యాట్రిక్స్ సైజు), డిమ్స్ (అది ఏయే సిస్టమ్‌లతో తయారైందో) అని కనిపిస్తాయి. చాలామంది వీటిని చూడకుండా దాటేస్తారు, కానీ అసలు కీలకం డిమ్స్‌లోనే ఉంది. రెండు క్యూబిట్లను టెన్సర్‌తో కలిపినా, నాలుగు స్థాయిల సిస్టమ్ ఒక్కదాన్నే తీసుకున్నా షేప్ 4, 1 అనే వస్తుంది. డిమ్స్ మాత్రం మొదటిదానికి 2, 2 అనీ రెండోదానికి 4 అనీ చెబుతుంది. ఆ రెంటినీ కూడబోతే ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ మనకు మేలే చేస్తుంది, తప్పు లెక్క ముందుకు పోకుండా ఆపుతుంది.

3. ఎంటాంగిల్‌మెంట్‌ని కొలవడం

ఒక క్యూబిట్ స్థితిని రెండోదాన్ని వదిలేసి చెప్పలేనంతగా రెండూ ముడిపడి ఉండడమే ఎంటాంగిల్‌మెంట్. రెండు క్యూబిట్ల 00, 11 స్థితులను కూడి, యూనిట్‌తో నార్మలైజ్ చేస్తే అలా ముడిపడిన బెల్ స్థితి సిద్ధం. దానిమీద పీట్రేస్‌కి (ఒక క్యూబిట్ స్థితిని విడిగా చూపే ఫంక్షన్) 0 ఇవ్వండి. ఇక్కడ ఇచ్చే సంఖ్య తీసేయాల్సిన క్యూబిట్‌ది కాదు, ఉంచుకోవాల్సినదానిది. డయాగొనల్‌లో 0.5, 0.5 కనిపిస్తాయి. ఆ క్యూబిట్ ఎంత ముడిపడి ఉందో చెప్పే ఎంట్రపీ 0.693 వస్తే కంగారు పడొద్దు, డిఫాల్ట్‌గా అది సహజ లాగరిథమ్. బేస్ 2 ఇస్తే 1 వస్తుంది. కాగితం మీద కూడా చేసి సరిచూసుకోండి.

4. కాలంతో మార్పు

పైన చేసిన మొదటి క్యూబిట్‌తో మొదలుపెట్టి, హామిల్టోనియన్‌గా (సిస్టమ్ శక్తిని చెబుతూ, అది ఎలా మారాలో నిర్ణయించే ఆపరేటర్) 2 పై × 0.1 × సిగ్మా ఎక్స్ తీసుకుని, 0 నుంచి 50 దాకా కాలం ఇచ్చి, ఆ మార్పును లెక్కించే ఎంఈసాల్వ్ నడపండి. క్యూటిప్‌లో హెచ్-బార్ (ప్లాంక్ స్థిరాంకాన్ని 2 పైతో భాగిస్తే వచ్చేది) విలువ 1 కాబట్టి 2 పై మరిచిపోకూడదు. క్యూబిట్ 0కి దగ్గరగా ఉందో 1కి దగ్గరగా ఉందో చెప్పే సిగ్మా జెడ్ సగటు విలువ ప్రతి 5 యూనిట్లకోసారి ఊగుతూ కనిపిస్తుంది. ఇప్పుడు 0.05 అనే రేటు వర్గమూలంతో గుణించిన సిగ్మా జెడ్‌ని కొలాప్స్ ఆపరేటర్‌గా (బయటి పరిసరాల ప్రభావాన్ని చూపేది) చేర్చండి. ఊగిసలాట మెల్లగా సున్నా వైపు చచ్చుబడుతుంది. పరిసరాల వల్ల క్వాంటమ్ ప్రవర్తన ఇలా చెదిరిపోవడమే డీకోహెరెన్స్. అదంటే ఏంటో ఆ గ్రాఫ్ చూపించినంత బాగా ఏ నిర్వచనమూ చెప్పలేదు. వర్గమూలం వదిలేసి రేటునే పెడితే గ్రాఫ్ వస్తుంది కానీ తప్పుగా వస్తుంది, ఎర్రర్ కూడా ఉండదు.

క్యూబిట్లు పెంచేటప్పుడు మెమరీ చూసుకోండి. ఎంఈసాల్వ్ ఇలాంటి లెక్కల్లో వాడే డెన్సిటీ మ్యాట్రిక్స్ (పరిసరాల ప్రభావం పడిన స్థితిని రాసే పెద్ద పట్టిక) 14 క్యూబిట్లకు ఒక్కటే 4 జీబీ దాటుతుంది. అలాంటప్పుడు స్థితి వెక్టర్లతోనే పనిచేసే ఎంసీసాల్వ్ వాడండి.