ప్రాసెసర్ బాక్సులో వచ్చిన కూలర్ సరిపోతుందా? మీ గదిలోనే పరీక్షించి తేల్చుకోవడం ఎలా?

తక్కువ బడ్జెట్‌లో కంప్యూటర్ కట్టేటప్పుడు మొదట కోత పడేది ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ మీదే. ప్రాసెసర్ బాక్సులో ఒకటి వస్తోంది కదా, మళ్లీ డబ్బులు పెట్టి ఇంకోటి ఎందుకని అడుగుతారు. చాలామంది విషయంలో ఆ మాట నిజమే. అయితే బాక్సులో వచ్చే కూలర్లన్నీ ఒకే రకం కాదు. పైగా వీడియోల్లో చూపించే డిగ్రీలు మన ఇంటికి అలాగే వర్తించవు. ఆ పరీక్ష చేసినవాళ్ల గదిలో 22 డిగ్రీలే ఉండొచ్చు. మే నెల మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో కూర్చుంటే ఆ తేడా ఏంటో ఒంటికే తెలుస్తుంది. ప్రాసెసర్‌కూ అంతే.

అందుకే ఎవరో చెప్పిన డిగ్రీలు పక్కన పెట్టి, రెండు కూలర్లను మీ గదిలోనే పోల్చి చూసుకోండి. ఒక పూట పని. ఉచిత సాఫ్ట్‌వేర్, గోడ థర్మామీటర్, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్, కాస్త ఓపిక, ఒక నోట్‌బుక్ ఉంటే చాలు.

ముందు మీ బాక్సులో ఏ కూలర్ ఉందో చూడండి

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ప్రాసెసర్ అడిగితే "బాక్స్ పీసా, ట్రే పీసా?" అని ఎదురు అడుగుతారు. ట్రే పీసంటే బాక్సు లేకుండా విడిగా అమ్మేది, దానికి కూలర్ రాదు. బాక్స్ పీసైనా అన్నిటికీ రాదు. ఇంటెల్‌లో పేరు చివర 'కె' ఉన్న డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు 2015 నాటి ఆరో తరం నుంచే కూలర్ ఇవ్వడం మానేశారు. ఏఎండీలో రైజెన్ 7 5700ఎక్స్, 5800ఎక్స్‌లకు కూడా రాదు. అదే రైజెన్ 5 5600 కొంటే వస్తుంది. ధర పోల్చేటప్పుడు ఈ లెక్క మర్చిపోతే, తక్కువకు వచ్చిందనుకున్న ప్రాసెసరే చివరికి ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది.

ఏఎండీ వైపు మూడు పేర్లు గుర్తుంచుకోండి. అన్నిటికంటే చిన్నది రైత్ స్టెల్త్. రైజెన్ 5 3600, 5600, 5600జి, 7600 లాంటి వాటితో వచ్చేది ఇదే. ఇది మొత్తం అల్యూమినియమే, రాగి ఉండదు. రైత్ స్పైర్ ఇంకాస్త ఎత్తుగా ఉంటుంది. ఒకే పేరుతో మధ్యలో రాగి ఉన్నవీ లేనివీ వచ్చాయి కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కొంటే తిరగేసి చూడాల్సిందే. రైత్ ప్రిజమ్‌కు నాలుగు రాగి హీట్‌పైపులు, అంటే వేడిని మోసుకెళ్లే గొట్టాలు ఉంటాయి. రైజెన్ 7 2700ఎక్స్, 3700ఎక్స్‌లతో, ఏఎమ్5 సాకెట్‌లో (సాకెట్ అంటే మదర్‌బోర్డ్ మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) 7700తో ఇదే వచ్చింది. నన్నడిగితే స్టాక్ కూలర్ (బాక్సులో వచ్చేది) అన్న మాటకు నిజంగా విలువ తెచ్చింది ప్రిజమే.

ఇంటెల్ 2022 జనవరిలో పన్నెండో తరంతో లామినార్ కూలర్లు తెచ్చింది. 'కె' లేని ఐ3, ఐ5, ఐ7లకు ఆర్ఎమ్1 వస్తుంది. దీని మధ్యలో రాగి దిమ్మ ఉంటుంది. పెంటియం, సెలెరాన్‌లకు ఇచ్చిన ఆర్ఎస్1 అంతకంటే చిన్నది. పాత ఇంటెల్ కూలర్ ఇంట్లో పడుంది కదా, అదే వాడేద్దాం అనుకుంటే కుదరదు. పాత 115ఎక్స్, 1200 సాకెట్లలో రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, పన్నెండో తరంతో వచ్చిన 1700 సాకెట్‌లో 78. మూడు మిల్లీమీటర్లే అయినా బిగించడం కుదరదు.

చేతిలోకి తీసుకుని చూడాల్సినవి

కూలర్‌ను తిరగేయండి. ప్రాసెసర్‌కు తగిలే చోట ఎర్రగా గుండ్రటి రాగి కనిపిస్తే మంచి సంకేతం. అల్యూమినియం కంటే రాగి వేడిని చురుగ్గా లాగి పైనున్న లోహపు రెక్కలకు అందిస్తుంది. తర్వాత రెక్కల ఎత్తు చూడండి. వంటింటి త్రాసు ఉంటే రెండు కూలర్లనూ తూచండి. ఒకే ఆకారంలో ఉన్న వాటిలో బరువైన దానిలో లోహం ఎక్కువున్నట్టు. బరువున్నంత మాత్రాన మంచిదని కాదు గానీ, అసలుదానికీ నకిలీకీ తేడా పట్టుకోవడానికి పనికొస్తుంది. ఫ్యాన్ వైరు చివర నాలుగు పిన్నులుండాలి. మూడే ఉంటే అది బాక్సుతో వచ్చింది కాదని అనుమానించండి.

ఫ్యాన్‌ను వేలితో మెల్లగా తిప్పి చెవి దగ్గర పెట్టుకోండి. కొత్తది శబ్దం లేకుండా తిరిగి నెమ్మదిగా ఆగుతుంది. గరగరలాడినా, టక్కున ఆగిపోయినా బేరింగ్ అరిగిపోయినట్టే.

బిగింపు: సగం ఫలితం ఇక్కడే తేలిపోతుంది

ఈ భాగం ఎంత జాగ్రత్తగా చేస్తే అంత మంచిది. కూలర్ బాగా లేదని తిట్టేవాళ్లలో చాలామందికి అసలు సమస్య బిగింపులో ఉంటుంది. మా మేనల్లుడి ఇంజనీరింగ్ చదువు కోసం కట్టిన కంప్యూటర్‌లో నేను కూడా ఇదే పొరపాటు చేశాను. ఆన్ చేసిన కాసేపటికే 100 డిగ్రీలు, ఫ్యాన్ విమానంలా మోత. మూడు రోజులు టెన్షన్ పడి, చివరికి మదర్‌బోర్డ్ విప్పి వెనక్కి తిప్పి చూస్తే కూలర్‌ను బోర్డుకు పట్టించే నాలుగు పిన్నుల్లో ఒకటి సగమే దిగి ఉంది. దాన్ని నొక్కగానే 'టక్' మంది. అంతే, సమస్య పోయింది.

ఇంటెల్ పుష్ పిన్నుల మీద బాణం గుర్తు ఉంటుంది. అది విప్పడానికి తిప్పాల్సిన దిశ. బిగించే ముందు నాలుగూ దానికి ఎదురు దిశలో చివరిదాకా తిరిగి ఉండాలి. ముగ్గు వేసేటప్పుడు ఎదురెదురు చుక్కలు కలిపినట్టు ఒక మూల, తర్వాత దాని ఎదురు మూల నొక్కండి. పక్కపక్కనే ఉన్న రెండూ ముందు నొక్కితే కూలర్ ఒక వైపు లేస్తుంది. నాలుగుసార్లు 'టక్' వినిపించాలి. క్యాబినెట్‌లో పెట్టకముందే బోర్డు వెనక నాలుగు కాళ్లూ పూర్తిగా బయటికొచ్చాయో లేదో చూసుకోండి.

స్టెల్త్‌కు స్ప్రింగ్ ఉన్న నాలుగు స్క్రూలుంటాయి. ముందు బోర్డు మీదున్న రెండు ప్లాస్టిక్ బ్రాకెట్లు విప్పాలి. ఏఎండీ పాత సాకెట్ అయిన ఏఎమ్4 బోర్డులో అవి విప్పగానే వెనకున్న బ్యాక్‌ప్లేట్ జారిపోతుంది కాబట్టి ఒక చేత్తో దాన్ని పట్టుకునే ఉండండి. ఒక్కో స్క్రూ రెండు చుట్లు, మళ్లీ ఎదురు మూలది రెండు చుట్లు తిప్పుకుంటూ సమానంగా దింపండి.

ఇంకో మాట. ఏఎమ్4లో పాత కూలర్‌ను చల్లగా ఉన్నప్పుడు నేరుగా పైకి లాగకండి. ఎండిన పేస్ట్ అతుక్కుని ఉంటే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది. దాని కింద సన్నటి పిన్నులుంటాయి, ఒంగితే సరిచేయడం నరకం. కంప్యూటర్‌ను పది నిమిషాలు నడిపి వేడెక్కనిచ్చి, ఆపేసి, ప్లగ్ తీసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి అప్పుడు ఎత్తండి.

పోలిక న్యాయంగా ఉండాలంటే

స్టాక్ కూలర్ అడుగున పేస్ట్ ముందే పూసి ఉంటుంది. వాడకానికి అదే చాలు. కానీ రెండు కూలర్లను పోల్చాలంటే రెండింటికీ ఒకే పేస్ట్ వాడాలి. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్రాసెసర్ మధ్యలో బఠాణీ గింజంత పెట్టండి. కూలర్ నొక్కుడుకు అదే పరుచుకుంటుంది.

గది వేడి కొలవడానికి మామూలు గోడ థర్మామీటర్ సరిపోతుంది. దాన్ని క్యాబినెట్‌లోకి గాలి వెళ్లే వైపు, ఒక జానెడు దూరంలో పెట్టండి. మొదటి కూలర్‌ను పరీక్షించినప్పుడు సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే రెండోదానికీ అదే స్పీడులో తిరగాలి. క్యాబినెట్ తలుపు మూసి ఉంచండి, ఎందుకంటే మీరు రోజూ వాడేది అలాగే కదా.

పరీక్ష

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని సెన్సర్లు తెరవండి. పది నిమిషాలు ఏ పనీ చేయకుండా వదిలేయండి. తర్వాత ప్రాసెసర్‌ను పూర్తిగా పని చేయించే సినీబెంచ్ ఆర్23 సాఫ్ట్‌వేర్‌లో మల్టీ కోర్ (అన్ని కోర్లూ కలిసి పనిచేసే) పరీక్షను పది నిమిషాలు నడపండి. చివరి రెండు నిమిషాల్లో ఐదు అంకెలు రాసుకోండి: ప్రాసెసర్ డిగ్రీలు, అది తాగుతున్న వాట్లు, కోర్ల వేగం, ఫ్యాన్ ఆర్‌పీఎం, గది డిగ్రీలు. కూలర్ మార్చి మళ్లీ ఇదే చేయండి.

ఇప్పుడు అసలు లెక్క. ప్రాసెసర్ డిగ్రీల్లోంచి గది డిగ్రీలు తీసేయండి. ఉదాహరణకు గది 26, ప్రాసెసర్ 76 అనుకుందాం. తేడా 50. వాట్లు మారకపోతే ఈ తేడా కూడా దాదాపు మారదు. అంటే ఇదే కంప్యూటర్ మేలో 38 డిగ్రీల గదిలో 88 దగ్గర ఉంటుంది. రైజెన్ 5 5600 గరిష్ఠ పరిమితి 90 డిగ్రీలు. డిసెంబర్‌లో బ్రహ్మాండంగా ఉందనుకున్న కూలర్ వేసవిలో అంచు మీద నిలబడుతుందన్నమాట. చలికాలంలోనే ఈ లెక్క కట్టుకోవచ్చు, ఎండాకాలం దాకా ఆగక్కర్లేదు.

డిగ్రీలొక్కటే చూసి తీర్పు చెప్పకండి. పరిమితికి చేరిన ప్రాసెసర్ అంతకు మించి వేడెక్కదు, వేగం తగ్గించుకుంటుంది. రెండు కూలర్లూ ఒకే డిగ్రీలు చూపిస్తే సమానమే అనిపిస్తుంది. కానీ ఒకదానితో వాట్లు, వేగం పడిపోయి ఉంటాయి. అలాంటప్పుడు ఏది ఎక్కువ వాట్లను నిలకడగా మోస్తోందో అదే మెరుగైన కూలర్. వాట్లు వేరువేరుగా ఉంటే డిగ్రీల తేడాను వాట్లతో భాగించండి. పై ఉదాహరణలో 76 వాట్లకు 50 డిగ్రీలు, అంటే వాట్‌కు సుమారు 0.66. ఈ అంకె ఎంత చిన్నదైతే కూలర్ అంత మంచిది. ఈ పోలిక ఒకే ప్రాసెసర్ మీద చేస్తేనే చెల్లుతుంది.

ఇలాంటి ప్రాసెసర్లకు చెప్పే 65 వాట్ల అంకెను కూడా గుడ్డిగా నమ్మకండి. రైజెన్ 5 5600 సాకెట్ నుంచి 76 వాట్ల దాకా, 7600 అయితే 88 దాకా తీసుకోగలవు. ఇంటెల్ ఐ5-12400 బేస్ పవర్ (మామూలు వేగంలో) 65, టర్బోలో (వేగం పెంచుకున్నప్పుడు) 117. ఐ5-13400 అయితే 148. ఆర్ఎమ్1 చిన్న ఐ3 మీద హాయిగా ఉండి, ఐ5-13400 మీద రొప్పేది అందుకే.

చెవికి కూడా ఓటు ఇవ్వండి

ఫ్యాన్ ఎంత గట్టిగా తిరిగితే అంత చల్లబడుతుంది, అందులో గొప్పేం లేదు. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల స్క్రీన్) ఫ్యాన్ వేగం తగ్గించి, మీరు పక్కన కూర్చుని చదువుకోగలిగే శబ్దం దగ్గర రెండు కూలర్లనూ ఆపి, మళ్లీ పరీక్ష చేయండి. నిజమైన నాణ్యత అప్పుడే బయటపడుతుంది. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ ఒకే చోట పెట్టి వాడితే పోలిక వరకు పనికొస్తుంది.

ఇక తీర్పు

వేసవి లెక్క వేశాక కూడా పరిమితికి పది డిగ్రీలు కిందే ఉండి, వేగం పడిపోకుండా, శబ్దం భరించగలిగేలా ఉంటే స్టాక్ కూలర్‌నే ఉంచండి. ఆ డబ్బు ర్యామ్‌కో ఎస్ఎస్‌డీకో పెట్టండి. స్టెల్త్, ఆర్ఎమ్1 లాంటివి గాలిని కిందికి, బోర్డు మీదికి ఊదుతాయి కాబట్టి సాకెట్ పక్కనున్న వీఆర్ఎమ్ (ప్రాసెసర్‌కు తగిన కరెంటు అందించే) భాగాలకూ ఆ గాలి కాస్త తగులుతుంది. చాలా చవక బోర్డుల్లో వాటిపై హీట్‌సింక్ (వేడి లాగే లోహపు దిమ్మ) కూడా ఉండదు, అందుకే ఇది చిన్న లాభమేం కాదు. నిలువుగా ఉండే టవర్ కూలర్‌తో ఆ గాలి అంతగా అందదు.

సినీబెంచ్‌లో అంచుకు వచ్చినా మీ పని గేములు, ఆఫీసు పనులే అయితే భయపడక్కర్లేదు. మీరు ఆడే గేమ్‌ను అరగంట ఆడి అవే ఐదు అంకెలు రాసుకోండి. చాలా గేముల్లో ప్రాసెసర్ అంత గట్టిగా నడవదు. రోజూ గంటలకొద్దీ వీడియో రెండరింగ్ చేసేవాళ్లకు, ఏసీ లేని గదిలో పగలంతా పని చేసేవాళ్లకు మాత్రం హీట్‌పైపులున్న చిన్న టవర్ కూలర్ కొనమనే చెప్తాను. కొనే ముందు క్యాబినెట్‌లో దాని ఎత్తు పడుతుందో లేదో కొలుచుకోండి.

రాసుకున్న అంకెల కాగితాన్ని తేదీ వేసి క్యాబినెట్ లోపలి వైపు అంటించండి. మూడు నాలుగు నెలలకోసారి ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకుని బ్రష్‌తో దుమ్ము దులపండి. ఏప్రిల్ మొదట్లో ఆ పది నిమిషాల పరీక్ష మళ్లీ నడపండి. గదికీ ప్రాసెసర్‌కీ మధ్య తేడా కాగితం మీద ఉన్నదానికంటే ఏడెనిమిది డిగ్రీలు పెరిగిందంటే, దుమ్ము ఇంకా ఉన్నట్టో, పేస్ట్ ఎండిపోయినట్టో, లేదా ఒక పిన్ను వదులైనట్టో.